నేను తలుపు తీసిన రాజ్యం

ఆట డబ్బా అట్ట మీద ఓడ బొమ్మ బాగానే వేశాడు గాని తెరచాప ఒక వైపు ఉబ్బింది, జెండా ఇంకో వైపు ఎగురుతోంది, ఒకే ఓడకి రెండు గాలులు ఎలా వీస్తాయి, ఎవరూ చూడరనుకున్నాడేమో, నేను చూస్తాను, గిన్నె అంచున మిగిలిన మసి దగ్గర్నుంచి ఇలాంటివన్నీ నా కంట పడతాయి, పక్కన నిలబడ్డ పిల్ల మొహం ఒక్కటే సూటిగా చూడలేకపోతున్నాను, సాయిదుర్గ, నా కూతురు, ఇంటర్ ఆఖరి పరీక్ష గంట క్రితమే రాసి వచ్చింది, చంకలో పరీక్ష అట్ట, వేళ్ళకి సిరా, పరీక్షలైన రోజే అమలాపురంలో కొత్త డిస్కు చూద్దామని మాటిచ్చింది నేనే, అందుకే కాట్రేనికోన నుంచి బస్సులో వచ్చి కాలేజీ గేటు దగ్గర కాచుకుని ఇటే, ఈ డిస్కుల కొట్టుకి తీసుకొచ్చాను, ఊరు కట్టుకుని, పంట పండించి, సైన్యం పెంచి, పక్క రాజులు మీద పడకుండా కాచుకోవాల్సిన ఆట అది, దానికి ఇప్పుడు కొత్త భాగం వచ్చిందట, కొట్టాయన బుల్లిరాజు తుడిచిన డబ్బానే మళ్ళీ తుడుస్తూ, ఇది ఒట్టిగా ఆడదండీ మేడంగారూ, కింద పాత ఆట ఉండాలండీ, దాని మీద ఎక్కుద్దండీ ఇది, అంటున్నాడు, కొత్తగా నాలుగు రాజ్యాలండీ, సముద్రమండీ, చేపలు కూడా పట్టొచ్చండీ, దుర్గ నవ్వింది, చేపలకి కంప్యూటరెందుకండీ బుల్లిరాజుగారూ, మా ఊరొచ్చి వల వెయ్యండి, ఆయ్, అక్కడ ఒళ్ళు తడుస్తుంది కదండీ పాపగారూ, అని అతను నవ్వి, ఒక్క మాటండీ, తర్వాత బుల్లిరాజు చెప్పలేదనకూడదు, ఇది ఎక్కించేరంటే పాత ఆటలో దాచుకున్న రాజ్యాలు తెరుచుకోవండీ, మొదట్నించీ మొదలెట్టుకోవాలండీ, అన్నాడు, ఆ మాటకి దుర్గ మొహం వాడింది, నాకు మాత్రం గుండెల మీంచి ఏదో దిగినట్టయింది, దిగినందుకే సిగ్గేసింది.

పాత డిస్కు జనవరిలో నేనే లాక్కున్నాను, లాక్కోవడమేం లేదు, చెయ్యి చాపితే ఇచ్చేసింది, వాళ్ళ నాన్నగారు పేపరు దించి, పోనీ ఆదివారం ఒక గంట ఆడుకోనీ, అంటే, మీరూరుకోండి, గంటలు గంటలు తినేసే ఆట అది, ఒరిగేదేమీ లేదు, ఒట్టి టైము దండగ, అన్నాను, ఆయన మళ్ళీ పేపరెత్తుకున్నారు, దుర్గ డిస్కు నా చేతిలో పెడుతూ, నా రాజ్యం జాగ్రత్తమ్మా, ఆరు నెలలు పట్టింది కట్టడానికి, అంది, అదేమన్నా పెరుగు గిన్నెటే, పిల్లి ముట్టడానికి, అన్నాను, ఇద్దరం నవ్వుకున్నాం, బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను, తాళంచెవి నా కొంగుకే ఉంది, ఆ పిల్లిని నేనే అవుతానని అప్పుడు తెలియదు.

పది రోజులు కాలేదు, ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, కంప్యూటరు మీది గుడ్డ ఉతకడానికి తీసి, పిల్లని అంతలా కట్టి పడేసేది ఏమిటో చూద్దామని, ఒక్కసారి చూసి తీసేద్దామని బీరువాలోంచి డిస్కు తెచ్చి పెట్టాను, దుర్గ ఊరు కనిపించింది, చుట్టూ రాతి గోడ, లోపల బారుగా ఇళ్ళు, చేలు, నీళ్ళు మోసేవాళ్ళు, మర్నాడు కూడా పెట్టాను, తర్వాత లెక్కపెట్టుకోవడం మానేశాను, పిల్ల ఎనిమిదింటి బస్సుకి వెళ్ళిపోతే ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు అది నా ఊరు, కల్లం ఊరికి ఆ చివర పెట్టింది దుర్గ, పండిన పంట అంత దూరం మోస్తారా ఎవరైనా, చేల పక్కకి మార్చాను, ఊరికే తిరిగేవాళ్ళకి పని చెప్పాను, ధాన్యం రెట్టింపైంది, పక్కనే అంకె పెరుగుతూ పోయింది, పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను చేసిన పని పెరగడం నా కళ్ళతో చూడటం అదే మొదలు, కడిగిన గిన్నె సాయంత్రానికి మళ్ళీ అంట్లగిన్నే కదా, నాలుగింటికి ఆపేసి ఫ్యాను కంప్యూటరు వైపు తిప్పి చల్లార్చేదాన్ని, దుర్గ వచ్చి కాళ్ళు కడుక్కుని పుస్తకం తీసేది, ఒక్కోసారి కళ్ళు ఆ గుడ్డ కప్పిన కంప్యూటరు వైపు వెళ్ళేవి, ఏంటే ఆ చూపు, చదువు, అనేదాన్ని, ఎలా అన్నానో, అప్పటికింకా నా వేళ్ళ కింద ఆ మీటల ఒత్తిడి ఆరకుండానే ఎలా వచ్చిందో నాకా మాట.

ఫిబ్రవరిలో ఒక రోజు ఆటలో పక్క రాజు సైన్యం, నీలం జెండా వాళ్ళు గోడ బయటికొచ్చి నిలబడ్డారు, ఆరుగురు, కొట్టడం లేదు, అరవడం లేదు, కోట తలుపు ఎదురుగా అటూ ఇటూ కదులుతూ నిలబడ్డారంతే, మా వైపు గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు లోపలికి రండంటాం, మంచినీళ్ళిచ్చాకే ఏం పనండీ అని అడుగుతాం, మా దొడ్లో బొండాలు కోస్తూ దొరికిపోయినవాడికి కూడా మా అత్తగారు చెంబెడు మజ్జిగ ఇచ్చి, తాగడం అయ్యాకే తిట్లు మొదలుపెట్టారు, ఆ అలవాటు నా చేతిలోకీ వచ్చిందేమో, ఆడేది యుద్ధమని మరిచిపోయాను, వేలు కదిలింది, తలుపు తెరుచుకుంది, ఆరుగురూ లోపలికొచ్చారు, వాళ్ళ వెనక చెట్ల చాటు నుంచి అరవై మంది, ఎలా మూయాలో తోచలేదు, ఇళ్ళు, చేలు, నేను మార్చిన కల్లం, అన్నీ తగలబడుతుంటే రోడ్డు మీద నాలుగున్నర బస్సు హారన్ వినిపించింది, కంగారుగా ఆపేయబోతే దాచమంటారా అని అడిగింది కంప్యూటరు, ఏదీ దాచకుండా వదిలేసే మనిషిని కాదు నేను, అవునన్నాను, దుర్గ పేరు పెట్టి ఉన్న చోటే, పాతదాని మీదే దాచేసింది, ఆరు నెలల ఊరి మీద బూడిద.

కొట్లో దుర్గ కొత్త డబ్బా తిరగేసి వెనక చదువుతోంది, వద్దులే అమ్మా, అంది, పాత రాజ్యం పోతుందంట, అంత చక్కగా కట్టుకున్నది వదిలేసి ఇదెందుకు, ఇంటికెళ్ళి పాతదే ఆడుకుంటాను, నా నోరు నాకంటే ముందే, తీసుకోవే, మళ్ళీ కట్టుకోవచ్చు, ఎప్పుడూ ఆ ఒక్క ఊరేనా, కొత్తవి చూడొద్దూ, అంది, చూసేరా పాపగారూ, అన్నాడు బుల్లిరాజు, అమ్మలందరూ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్తారండీ, కొనమనే అమ్మగారిని ఈ కొట్లో ఇవాళే చూశానండీ, దుర్గ నా వైపు తిరిగింది, నువ్వేనా మాట్లాడేది, జ్వరమేమన్నా వచ్చిందా, అని సిరా వేళ్ళతో నా నుదురు తాకి చూసింది, ఆ చేతిని నేను తోసేయలేదు, పట్టుకోనూ లేదు, నేను బుద్ధిగా చదివానని కదా, అంది మెల్లిగా, నేను డబ్బా మీది ధర చీటీ అంచు గోటితో గీకుతూ నిలబడ్డాను, సరే, నువ్వే చెప్పు, నువ్వైతే అన్నీ ఆలోచించి చెప్తావు, ఉన్నది వదులుకుని కొనేంత ఉందా ఇందులో, అంది.

ఉన్నదేదీ లేదని దానికి తెలియదు, నేను ఊఁ అంటే చాలు, ఇంటికెళ్ళి ఎక్కిస్తుంది, పాత ఊరు తెరుచుకోదు, ముందే చెప్పారుగా అనుకుంటుంది, రెండు రోజులు దిగులుపడి మరిచిపోతుంది, నేను తగలబెట్టినదాన్ని తనే వదిలేసుకున్నాననుకుంటుంది ఎప్పటికీ, నా తప్పు తీసుకెళ్ళి పిల్ల నిర్ణయం కింద పెడుతున్నాను, పట్టుచీరల కింద డిస్కు పెట్టినంత శుభ్రంగా, చెప్పేస్తే ఏమవుతుంది, ఏడుస్తుంది, అలుగుతుంది, రేపటికి మళ్ళీ గోడ కట్టడం మొదలుపెడుతుంది, రాజ్యం పోగొట్టినందుకు నన్ను క్షమిస్తుంది, అది నాకు బాగా తెలుసు, మరెందుకు చెప్పను, దుమ్ము దులుపుతుంటే చెయ్యి తగిలి పోయిందని చెప్పొచ్చు, ఆ అబద్ధం నెల రోజుల నుంచి సిద్ధంగా ఉంది, నమ్ముతుంది కూడా, అమ్మకి ఆటలేంటి అనుకుంటుంది, అదిగో, అక్కడే ఉంది ముల్లు, పోగొట్టినందుకు కాదు నేనింత నలిగిపోతున్నది, టైము దండగని దాని దగ్గర తీసుకున్నదాన్ని తాళం వేసుకుని నేను తిన్నాను, తిన్నంతసేపూ రుచి తెలిసే తిన్నాను, మూతి తుడుచుకుని దాన్ని చదవమన్నాను, దుర్గా, కొనడం సంగతి తర్వాత చూద్దాం, ఇలా రా, అని బల్ల మీద డబ్బా వదిలేసి కొట్టు మెట్ల మీదికి నడిచాను, ఏంటమ్మా, ఏమైంది, అంటూ వెనకే వస్తోంది, దీనికి నేను చెప్పాల్సిన మొదటి మాట ఊరు తగలబడిపోయిందని కాదు, ఆ మధ్యాహ్నాలు నాకు ఎంతో బాగున్నాయని.