తెల్లబట్ట

ఆమని ఆ గదిలో అడుగు పెట్టిన రోజే సంతోషికి కడుపుమంట మొదలైంది. నాచారం లేడీస్ హాస్టల్లో అంతకుముందు ఆ గది తనదీ, త్రివేణిదీ. ఇద్దరిదీ జనగామ, ఇద్దరూ ఉస్మానియాలో ఎమ్మెస్సీ. ఒకే బకెట్, ఒకే కొబ్బరినూనె సీసా. అలాంటి త్రివేణి ఇప్పుడు ఆ విశాఖపట్నం పిల్ల పక్కన చేరి గుసగుసలాడుతోంది!

ఆమనిది ఇంగ్లిష్ మీడియం చదువు. వాసన సబ్బులే కాదు, లోపల కడుక్కోవడానికి గులాబిరంగు సీసా ఒకటి వేరే. ఆ సోకులు చూసే త్రివేణి అటు ఒరిగిపోయిందని సంతోషి తేల్చేసుకుంది. త్రివేణి పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చేది. తర్వాత అదీ మానేసింది. ఏడుపొచ్చేది గానీ, ఆ పిల్ల ఎదుట ఏడుస్తుందా!

ఒక సాయంత్రం ఆమని ఉప్పల్ నుంచి పొట్లం తెచ్చి త్రివేణి చేతిలో పెట్టింది. విప్పితే తెల్లటి చున్నీ. త్రివేణి బిత్తరపోయింది. సంతోషికి ఒళ్లు భగ్గుమంది.

"కానుకలు గూడ మొదలైనయా? కప్పుకో, ఇంక మాతోని నీకేం పని!"

త్రివేణి భోరుమంది. "కానుక గాదే! నాకు తెల్లబట్ట అయితుందని ఈమెకు చెప్పిన. కింద ఒకటే దురద, మంట. ఈమెకు తెల్వకుంట ఈమె సీసాతోని కడిగితే ఇంక ఎక్కువైంది. ఏం జెయ్యాల్నో చెప్తదనుకుంటే బట్ట కొనుక్కొచ్చింది!"

ఆమని ముఖం పాలిపోయింది. "మీ భాషలో తెల్లబట్ట అయితుందంటే తెల్లటి బట్ట కావాలనేమో అనుకున్నా..."

సంతోషికి నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే సంబరం కూడా. ఆ ఊపులోనే అడిగింది. "మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నన్ను జూస్తేనే మొఖం తిప్పుకుంటివి."

ఆ సంబరం అక్కడే చచ్చిపోయింది.

మర్నాడు సంతోషే దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరమ్మ మందులు రాసి మందలించింది. "లోపల సబ్బులూ వాసన నీళ్లూ పొయ్యొద్దు. పైపైన మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. లోబట్టలు ఎక్కడ ఆరేస్తావు?"

"బాత్రూంల, టవల్ కింద. ఎవరన్న జూస్తరని," అంది త్రివేణి.

"చూస్తే చూడనీ. ఎండలో ఆరెయ్యి."

హాస్టలుకు రాగానే సంతోషి మేడమీద తీగకు త్రివేణి బట్టలు ఆరేసింది, ఏ చాటూ లేకుండా. తన త్రివేణి తనకు దక్కిందని లోలోపల మురిసిపోతోంది. అంతలో ఆమని పైకొచ్చింది.

"నాక్కూడా అదే ఉంది సంతోషీ. ఎప్పటినుంచో. ఆ సీసా కొన్నది అందుకే. దాన్ని తెలుగులో ఏమంటారో కూడా తెలీదు నాకు. ఎవరికి చెప్పను? ఇక్కడ త్రివేణి తప్ప నాతో మాట్లాడేదెవరు?"

సంతోషి చేతిలో క్లిప్పు చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది ఈ పిల్లను చూసా! సిగ్గేసింది. తీగ మీద బట్టలు కాస్త పక్కకు జరిపి చోటు చేసింది.

"రేపు నువ్వు గూడ దవాఖానాకు పోవాలె."

"సరే, త్రివేణిని తోడు రమ్మంటాను."

"త్రివేణెందుకు?" అంది సంతోషి గబుక్కున. "నేనొస్త."