అంచు దాటని మానిక

ఫోన్ మోగినప్పుడు సుమన ఒళ్లో బీడీల చాట ఉంది. తునికాకులో తంబాకు పరిచి, చుట్టి, కొన మడిచేసరికి రెండోసారి మోగింది. చెయ్యి ఆపకుండానే ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"సుమనా, నీకు కార్డు అచ్చిందమ్మా! నల్గురి పేర్లున్నయ్, మీ ఆలుమొగలయి, పిల్లలయి గూడ" అన్నాడు రేషన్ డీలర్ లక్ష్మీరాజం. "రేపు పొద్దుగాల్నే సంచి వట్టుకొని రా. సన్నబియ్యం దిగినయ్. ఏళ్లు మంచిగ కడుక్కో, తంబాకుంటె మిషన్ ఏలిముద్ర తీస్కోదు."

"సబ్బు అరిగేదాంక కడుగుత, అన్నా."

ఫోన్ పెట్టేయగానే, బియ్యం కంటే ముందు ఆమె కళ్ల ముందు మెదిలింది శిరీష అరచెయ్యి.

శిరీష ఆమె యారాలు, బావ భార్య. రెండిళ్లకూ ఒకటే వాకిలి, ఇన్నాళ్లూ ఒకటే కార్డు. అది శిరీష ఇంట్లో ఉండే అత్త సాయవ్వ పేరు మీద ఉంది. అన్నదమ్ములు వేరుపడ్డారు గానీ కార్డు వేరుపడలేదు. నెలనెలా బియ్యం తెచ్చేది శిరీష, పంచేదీ శిరీషే. సాయవ్వ కాపురానికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న ఇత్తడి మానికను శిరీష బియ్యంలో ముంచి ఎత్తేది. పైన గింజలు కుప్పగా నిలిచి జారబోతుండగానే అరచేత్తో అంచుదాకా చదును చేసి, ఆ పై బియ్యాన్ని తన డబ్బాలోకే దువ్వుకునేది. తనింటికి కొలుచుకునేటప్పుడు మాత్రం ఆ చెయ్యి అడ్డం వచ్చేది కాదు. సుమనకు రావలసిన బియ్యమే సుమనకు దానంలా అందేది.

పిల్లల పేర్లు ఆ కార్డులో లేవు. చిన్నును చంకనేసుకుని ఇంకో మానిక అడిగిన రోజు, నల్లా దగ్గర ఆడవాళ్లంతా వింటుండగా శిరీష అంది: "కార్డుల లేని నోర్లకు నేనేడికెల్లి తేవాలె, పిల్లా? నన్నడిగి కన్నవా?"

అందరూ నవ్వారు. సుమన కూడా నవ్వింది. ఆ నవ్వు చెరుకు పీచులా ఇప్పటికీ ఆమె పళ్ల సందులో ఇరుక్కునే ఉంది.

సుమన మొదటిసారి వేరే కార్డుకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, విచారణకు రెవెన్యూ సారు వచ్చిన పూట ఆమె రుద్రూర్ దిక్కు చెరుకు కోతకు పోయింది. శిరీష పెద్ద గంజు పొయ్యి మీదికెక్కించి, "అందరిది ఒక్కటే పొయ్యి, సారూ" అంది. పక్కనే ఉన్న సాయవ్వ తల ఊపింది. ఒక పొయ్యికి ఒకటే కార్డు. సారు రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే సుమన మట్టి పిసికి, సరిగ్గా శిరీష గడపకు ఎదురుగా వాకిట్లో పొయ్యి వేసింది. ఇంట్లో గ్యాసు ఉన్నా అక్కడే వండింది. వండడానికేమీ లేని పూట నీళ్లు కాచింది. పూర్తిగా ఎండని చెరుకాకు కుక్కి, పొగ ఎదురింట్లోకే పోయేలా చాటతో విసిరింది. శిరీష దగ్గు వినబడిన పూట గొడ్డుకారం కూడా ఎంతో రుచిగా ఉండేది. రెండోసారి సారు వచ్చినప్పుడు ఆయనకు పొయ్యి కంటే ముందు పొగే కనబడింది.

ఇప్పుడు సుమన చాట దించింది. ఒళ్లో రాలిన తంబాకు దులుపుకుంది. అంకితకూ చిన్నుకూ చెరో బెల్లం ముక్క పెట్టి, వాళ్లు వేళ్లు నాకుతుంటే కాసేపు చూసి తనూ ఓ పలుకు నోట్లో వేసుకుంది. తర్వాత పాత సంచీ తీసి, ఉతికి, శిరీష గడపకు అడ్డంగా దండెం మీద ఆరేసింది.

"ఏందే, సంచి ఉతుకుతున్నవ్? యాడికి పయనం?" శిరీష బయటికి వచ్చింది.

"రేపు సన్నబియ్యం తెచ్చుకోను, అక్కా. నల్గురియి. మా పేర్లు మీ దాంట్లకెల్లి తీసేసిండ్రట. ఇగ నీకు చెయ్యి నొప్పి ఉండది."

శిరీష ఆ చేతిని కొంగుకు తుడుచుకుంది.

పొద్దు వాలుతుండగా, చెరుకు ట్రాక్టర్ల మోత రోడ్డు మీద వినబడుతుండగా, శిరీష రాత్రి వంటకు బియ్యం తీసింది. మానిక ముంచి ఎత్తి, అలవాటైన అరచేత్తో అంచుదాకా చదును చేసింది. గడపలో కూర్చున్న సాయవ్వ చూసింది.

"మనింటికి గూడ చెయ్యి గొడ్తున్నవేందే?"

"నీ చిన్నకోడలు పేర్లు తీయించుకపాయె గద. ఇగ నువ్వు జెర తక్కువ తినాలె, అత్తా."

సాయవ్వ ఆమె చేతిలోంచి మానిక తీసుకుంది. బియ్యాన్ని డబ్బాలో గుమ్మరించి, ఖాళీ మానికను గడప మీద పెట్టింది. గూట్లోని తన కంచం అందుకుని, మోకాళ్లు పట్టుకుంటూ వాకిలి దాటి, సుమన పొయ్యి దగ్గర కూర్చుంది.

"నా పేరు గూడ నీ దాంట్ల ఎక్కియ్యి, బిడ్డా."

ఆనాడు సారు ముందు ఊగిన తల ఇదే. సుమన మరవలేదు. కానీ కార్డు ఈ ముసలామె పేరు మీద ఉంది. ఈమె ఇటు వస్తే ఆ ఇంటికి కార్డు పెద్ద ఉండదు. శిరీష కొత్త కార్డుకు పెట్టుకోవాలి, మళ్లీ విచారణ జరగాలి. ఆ ఆలోచన కొత్త చెరుకు రసంలా సుమన గొంతులోకి దిగింది.

రేపటి బియ్యం ధీమాతో ఆమె ఇంట్లో ఉన్న నూకలన్నీ వండేసింది. కంచంలో కుప్పగా, అంచు దాటి నేల మీద మెతుకులు రాలేలా వడ్డించింది. ముసలామె మీద ప్రేమేమీ పుట్టుకురాలేదు. ఎదురు గడపకు కనబడాలని వడ్డించింది.

"అత్తా, నీ మానిక మర్సినవ్!" శిరీష గడపలోంచి కేకేసింది.

"మర్వలే." సాయవ్వ తలెత్తకుండా ముద్ద కలిపింది. "నీకే ఉండనియ్యి. కొల్సుకో."

సుమన పొయ్యిలోకి గుప్పెడు చెరుకాకు తోసి, వాకిలంతా వినబడేలా అంది: "రేపు బియ్యం ఇంట్ల దించంగనే అత్తను మీసేవకు తోల్కపోత, అక్కా. నువ్వు గూడ మల్ల పెట్టుకో. సారొస్తడు, నీ పొయ్యి సూస్తనంటడు. పొగ మంచిగ రానియ్యి."

శిరీష లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడప మీద మానిక ఒక్కటే మిగిలింది. ఒళ్లంతా నల్లబడిన పాత ఇత్తడి అది. అరచెయ్యి రాసి రాసి, అంచు మాత్రం పొయ్యి మంటకు తళతళలాడుతోంది.