పంచె మీద రాలిన పెచ్చులు

టకటకమన్న చప్పుడు మళ్లీ ఆగిపోయింది. రాధారాణి బైనాక్యులర్స్ దించింది.

"మూడువేళ్ల వడ్రంగిపిట్టే. రాసెయ్ రాధా, నాది గ్యారంటీ," అన్నాడు రఘువీర్, పులిహోర డబ్బా మూత తీస్తూ.

"చూశారా?"

"విన్నానుగా!"

"పక్కింటి కుక్కర్ కూత విని వాళ్ల కూరేమిటో చెప్పేస్తారా?"

భర్త పులిహోరను చెంచాతో కిందా మీదా కలిపాడు.

అమెరికాలోని ఐడహో కొండల్లో ఆ లోయ పక్షుల్ని ఎవరూ సరిగా లెక్కబెట్టలేదు. సర్వేకి వలంటీర్లు కావాలన్న కాగితం బోయిసీ లైబ్రరీలో చూసి ఆమె పేరిచ్చింది. మూడు వారాలుగా శనివారాలు ఇక్కడే. ఇవాళే ఆఖరు. ఈ పిట్టను కళ్లారా చూస్తేనే రాయాలి. చూడకపోతే ఫారంలో దాని గడి ఖాళీగా పంపాలి. ఖాళీగా పంపడం ఆమెకు ఇష్టం లేదు. చూడనిది రాయడం అంతకన్నా ఇష్టం లేదు.

పురుగు పట్టిన స్ప్రూస్ చెట్ల బెరడు ఒలిచి లోపలి పురుగుల్ని తింటుందట ఆ పిట్ట. నిజమే, రెండు చెట్ల కింద వేరుశనగ పొట్టులా ఎర్రటి పెచ్చులు కుప్పగా ఉన్నాయి. ఇవాళ్టివా, కిందటి నెలవా? ఆమె టెంట్‌లోకి వెళ్లి వచ్చి, ఒక చెట్టు కింద దుప్పటి, రెండో దాని కింద తెల్లటి పంచె పరిచింది.

"ఏయ్, అది నా పంచె!"

"తెలుసు. భోంచేద్దాం రండి."

గంట తర్వాత వచ్చేసరికి దుప్పటి పరిచినట్టే ఉంది. పంచె మీద పిడికెడు పెచ్చులు. చూస్తుండగానే ఇంకొకటి రాలింది. ఇంతసేపూ చప్పుడు వచ్చినవైపే వెతికింది తను. పిట్ట చప్పుడు చేయకుండా ఇక్కడ వంట చేసుకుంటోంది. మెల్లగా తలెత్తింది. మాను మీద నలుపూ తెలుపూ పిట్ట, నెత్తిన పసుపు టోపీ.

"రాయి, రాయి!" గుసగుసలాడాడు రఘువీర్.

"ఉండండి. మామూలు వడ్రంగిపిట్ట పిల్లలకీ ఒక్కోసారి నెత్తి పసుపుగానే ఉంటుందట. వీపు మీద అడ్డచారలున్నాయో లేదో చూడాలి."

పిట్ట తీరిగ్గా ఇంకో పెచ్చు ఊడదీసింది. పక్కకు జరిగింది. తెల్లటి వీపు నిండా నల్లటి అడ్డచారలు.

రాధారాణి ఊపిరి వదిలి, 'చూసినవి' అన్న గడిలో ఒకటి వేసింది. ఆ అంకె కాస్త వంకరగా వచ్చిందని చెరిపి, మళ్లీ వేసింది.

పిట్ట ఎగిరిపోయాక రఘువీర్ పంచె దులిపి వెలుతురుకి పట్టాడు.

"జిగురు అంటుకుంది రాధా. ఉతికితే పోతుందా?"

"పోదండీ," అంది ఆమె హాయిగా. "కొంచెం పులిహోర మిగిలిందా?"