వీపు కింద చలి

కొత్త మొగుణ్ణి వదిలి ఉండలేనని చెప్పడానికి మైమూనాకు సిగ్గేసింది. అందుకని పని పేరు చెప్పి వెంటపడింది. పుంగనూరు చుట్టుపక్కల పల్లెలు తిరిగి పాత పరుపుల దూది ఏకడం ఆమె మొగుడు ఘని పని. అతను ఏకితే తను పరుపులకు గలీబులు కుడుతుందట! అదీ నిజమే అనుకోండి, సూది పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు.

చౌడేపల్లె దగ్గర ఒక మామిడితోటలో దిగారు. నిరుడు నేలమీద పడుకుంటే తేలు కుట్టింది కాబట్టి ఘని మళ్లీ ఒళ్లు నేలకు ఆనించనని ఒట్టు పెట్టుకున్నాడు. గోనెపట్టాలు కుట్టి చెట్ల మధ్య రెండు ఉయ్యాలలు కట్టాడు. ఊగుతూ నిద్రపోవచ్చని మైమూనా తెగ సంబరపడింది. తెల్లారేసరికి ఆ సంబరం కాస్తా చలికి బిగుసుకుపోయింది.

"నీకీ సలి పడదుమే. శుక్రవారం కుప్పం బస్సెక్కిస్తా, మీయమ్మకాడ ఉండు. ఎండలొచ్చినాక వద్దువుగానీ" అన్నాడు ఘని.

"నాకేం సలి ల్యాదు" అంది. పళ్లు టకటకలాడుతుంటే ఆ మాట ఎవరు నమ్ముతారు?

ఎండలంటే మాఘం పోవాలి. అన్నాళ్లు అతన్ని చూడకుండా ఎలా ఉండటం? ఆ ఆలోచనకే ఆమెకు ఏడుపు వచ్చింది. ఘనికీ పంపాలని లేదు. ఊరందరి పరుపులూ వెచ్చగా చేసేవాడి పెళ్లాం వణకడమేంటని పంతం పట్టి, మేలైన దూది మెత్తగా ఏకి మందమైన పరుపు చేసి ఆమె ఉయ్యాలలో పరిచాడు. పైన బొంత మీద బొంత కప్పాడు. ఎన్ని కప్పితే ఏం లాభం, గుండెల మీద చెమట పట్టేది, వీపు మాత్రం మంచుగడ్డలా ఉండేది.

శుక్రవారం రానే వచ్చింది. ముక్కు ఎగబీలుస్తూ సంచి సర్దుకుని, ఉయ్యాలలోంచి పరుపు తీద్దామని చెయ్యి పెట్టింది. తను పడుకున్నచోట అది రొట్టెలా అణిగిపోయింది. ఎవరూ పడుకోని అంచుల్లో మాత్రం పొంగి, చేతికి వెచ్చగా తగిలింది.

"ఇదో, ఈడ సెయ్యి పెట్టి సూడు. జనం పాత పరుపులు నీకాడికి యాల తెస్తారు?"

"అణిగిపోతే సల్లగుంటాది కదా. దూది పొంగితేనే..." అని ఘని ఆగిపోయాడు. అణిగిన దూదిని విప్పి పొట్టపోసుకునేవాడు, ఏకిన దూదిని పెళ్లాం వీపు కిందే పెట్టి అణగదొక్కిస్తున్నాడు. పైగా ఉయ్యాల కింద ఉన్నదంతా వట్టి చలిగాలి. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"లోపల వద్దు. బయట, ఉయ్యాల కింద కట్టు. నా బరువు దానికి తగలకూడదు" అంది మైమూనా.

అతను పరుపును కర్రతో కొట్టి పొంగించాడు. నాలుగు మూలలకూ తాళ్లు వేసి ఉయ్యాల అడుగున వదులుగా కట్టాడు. ఆమె ఎక్కి పడుకుంది. కాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత నడుముకు, ఆపైన భుజాలకు నెమ్మదిగా వెచ్చదనం పాకింది. ఇన్నాళ్లకు ఒళ్లు సడలి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే రోడ్డుమీద బస్సు హారన్ వినిపించింది. మైమూనా గట్టిగా కళ్లు మూసుకుంది.

"బస్సు..." అన్నాడు ఘని, తనకే వినబడనంత మెల్లగా.

ఆమె కదల్లేదు. బస్సు మలుపులో కాసేపు ఆగి వెళ్లిపోయింది. ఘని సంచి విప్పి ఆమె సూదీ దారం బయటికి తీశాడు.

"దొంగనిద్దర సాలు, లెయ్. నా ఉయ్యాలకీ ఒగటి కుట్టాల."

"రెండోది యాల?" అంది ఆమె కళ్లు తెరవకుండానే.

ఘని వెళ్లి ముందు ఆ ఉయ్యాల తాళ్ల ముడులు ఇద్దరినీ మోస్తాయో లేదో లాగి చూశాడు.