నవంబరు ఆరో తేదీ ఖాళీ

క్షమాపణ చెప్పడానికి వెళ్ళేటప్పుడు మిఠాయి పెట్టె తేలిగ్గా ఉండకూడదు. హయసాక కొన్నది బరువుగానే ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని సప్పొరో నుంచి ఒతారు వెళ్ళే రైల్లో బిక్కముఖం వేసుకుని కూర్చున్నాడు, అరవై రెండేళ్ళ మనిషి, ఒక కంపెనీకి అధిపతి.

పొద్దున ఆఫీసులో ఆ పెట్టె చూసి ఉత్సుమి నవ్వింది. ఇరవై ఏళ్ళుగా కస్టమర్ల ఫోన్లు ఎత్తుతున్న మనిషి. అతన్ని ఆటపట్టించే చనువు ఆవిడొక్కదానికే ఉంది.

"ఏంటండీ, నాలుగు రోజుల్లో దుకాణం కట్టేస్తూ ఇప్పుడెవరి కాళ్ళు పట్టుకోవడానికి? పదమూడు వందల గడపలూ అప్పుడే తొక్కేశారుగా!"

"ఒకటి మిగిలింది," అన్నాడు హయసాక. ఆవిడ హాస్యమనుకుంది.

యుకిమిచి అనే ఆ కంపెనీని తొంభై ఆరులో ముగ్గురు స్నేహితులు టోఫు కొట్టు మీది గదిలో మొదలుపెట్టారు. ఇంటర్నెట్లో జనం సొంత పేజీ పెట్టుకోవడానికి చోటిచ్చేవారు. పిల్లుల ఫొటోలు, చేపల వేట కబుర్లు, ఎవరి గోల వాళ్ళది. రెండువేల ఒకటి జనవరిలో ఒక డిస్కు పాడైంది. కాపీ ఎక్కాల్సిన టేపుల మీద పాతది చెరిగిపోయి, ఆరు నెలలుగా కొత్తదేమీ ఎక్కడం లేదని అప్పుడు తెలిసింది. చూసుకున్నవాడెవడు! పదమూడు వందల మంది పేజీలు పోయాయి.

ముగ్గురూ ఊళ్ళు పంచుకుని ఇల్లిల్లూ తిరిగి తల వంచారు. వెళ్ళొచ్చిన ఇంటి పేరు పక్కన ఎర్ర పెన్సిలుతో గుండ్రం చుట్టేవారు. ఆ జాబితాకి ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకి తగిలించారు. కొత్తగా చేరిన ప్రతివాణ్ణీ దాని ముందు నిలబెట్టి, "ఒక్క ఇల్లు కూడా వదల్లేదు, అదీ మన కంపెనీ" అని చెప్పడం ఆనవాయితీ. చెప్పేదెవరనుకున్నారు? హయసాకే. ఏటా ఏప్రిల్లో, గొంతు తడబడకుండా!

వదిలేసిన ఇల్లు మిజొగుచిది. ఒతారు కొండవాలులో రబ్బరు బూట్ల కొట్టు నడిపేవాడాయన. తొమ్మిదేళ్ళ కూతురు కొజుయె జబ్బుపడినప్పటి నుంచీ, పిల్ల ఏం తిందో ఏమందో రోజూ తన పేజీలో రాసుకున్నాడు. ఆ ఫిబ్రవరిలో హయసాక ఆ గుమ్మం దాకా వెళ్ళాడు. తలుపు మీద నల్ల అంచు కాగితం అంటించి ఉంది. పిల్ల పోయింది. అతనికి చేతులు రాలేదు. బెల్లు నొక్కకుండానే దిగి వచ్చేశాడు. వచ్చే వారం వెళదామనుకున్నాడు, వచ్చే నెల అనుకున్నాడు. చివరికి ఒకరోజు ఎవరూ చూడకుండా ఎర్ర పెన్సిలు తీసి గుండ్రం చుట్టేశాడు.

అంతవరకే అయితే మిఠాయి పెట్టె సరిపోయేది. ఆ రోజుల్లోనే టోక్యోలో ఒక నిపుణుడు ఆ పాడైన డిస్కు నుంచి రెండు వందల మంది పేజీల ముక్కలు బయటికి తీశాడు. ఎవరింటికి వెళ్ళినవాళ్ళు వాళ్ళకి ఆ మాట చెప్పాలి, అడిగినవాళ్ళకి ఇచ్చేయాలి, ఏడాదిలో ఎవరూ అడగనివి నాశనం చేయాలి అని నియమం పెట్టుకున్నారు. వాటిలో మిజొగుచి పేరుంది. పక్కన గుండ్రం ఉంది కాబట్టి ఆయనకి చెప్పే ఉంటారనుకున్నారు అందరూ. ఏడాది కాగానే ఆ ముక్కల్ని చెరిపేశారు. ఆయనకి ఎవరూ చెప్పలేదన్న సంగతి తెలిసినవాడు హయసాక ఒక్కడే. ఇవాళ నోరు తెరిచి చెప్పగలడో లేదో అతనికే తెలియదు.

బెల్లు నొక్కితే మిజొగుచి తలుపు తీశాడు. డెబ్బై ఆరేళ్ళు, నడుము వంగింది. పేరు చెప్పగానే లోపలికి రమ్మన్నాడు. హయసాక కొజుయె ఫొటో ముందు అగరొత్తి వెలిగించాడు. పెద్దాయన మిఠాయి పెట్టెను ఆ ఫొటో ముందే పెట్టాడు. హయసాక చాప మీద తల ఆనించి, ఇన్నేళ్ళు రానందుకు మన్నించమన్నాడు.

"లేవండి బాబూ, లేవండి. పద్దెనిమిదేళ్ళయింది! యంత్రమన్నాక చెడిపోతుంది. నేనమ్మిన బూట్లు కారలేదా ఏంటి?" అన్నాడు మిజొగుచి టీ పోస్తూ. "అంతా మళ్ళీ రాసుకున్నా, మీ కంపెనీలోనే. చూస్తారా?"

కంప్యూటరు తెరిచాడు. రోజు వెంట రోజు, నాలుగు వందల పైచిలుకు. మధ్యలో ఒక తేదీ కింద మాత్రం ఏమీ లేదు. నవంబరు ఆరు.

"ఆవేళ డాక్టరు ఒప్పుకుంటే సముద్రం చూపించడానికి ఎత్తుకుని తీసుకెళ్ళా. చూసి ఏదో అందండీ మా పిల్ల. నవ్వలేక చచ్చాననుకోండి. ఇంటికొచ్చి రాసేశా. రాశాను కదా, ఎక్కడికి పోతుందిలే అని మర్చిపోయా." ఆయన వేలితో ఆ ఖాళీని తడిమాడు. "ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లేదు."

హయసాక ఆ తేదీ వంకే చూశాడు. పెద్దాయన ఎప్పుడో మన్నించేశాడు. టీ తాగి, దండం పెట్టి లేచి వెళ్ళిపోవచ్చు. ఎవరూ అడగరు. కప్పు ఎత్తాడు, దించాడు.

"మిజొగుచి గారూ, ఆ డిస్కులోంచి కొన్ని ముక్కలు దొరికాయి. మీవీ ఉన్నాయి. ఏడాది పాటు మా బీరువాలో ఉన్నాయి. మీకు చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. చెప్పానని అందరినీ నమ్మించాను."

పెద్దాయన తెర మీది ఖాళీ వైపు తిరిగాడు.

"అందులో... ఆ రోజు ఉందా?"

"తెలీదండీ. తెరిచి చూడలేదు."

మిజొగుచి లేచి, ఫొటో ముందున్న పెట్టె తీసి హయసాక మోకాళ్ళ దగ్గర పెట్టాడు. "ఇది తీసుకెళ్ళిపోండి. డిస్కు పోయినందుకైతే ఉంచేవాణ్ణి. దీనికి ఉంచలేను." హయసాక పెట్టె తీసుకుని లేవబోయాడు.

"ఎక్కడికి? కూర్చోండి. పేజీ ఇంకా నాలుగు రోజులుంటుందిగా! ఆ రోజు ఎందుకు ఖాళీగా ఉందో మీరే రాయండి. మీ పేరు పెట్టి రాయండి. కాపీ నా దగ్గరుంటుంది."

గోడ మీద ఫ్రేము, ఏటా చెప్పిన కబుర్లు, ఉత్సుమి ముఖం, అన్నీ హయసాకకి కళ్ళ ముందు తిరిగాయి. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా కీబోర్డు దగ్గరికి జరిగి రాశాడు. డిస్కు సంగతి, గుండ్రం సంగతి, బీరువా సంగతి. ఆ తర్వాత, "నేను వచ్చిన రోజు మంచు విపరీతంగా కురుస్తోంది. గుమ్మం ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాను" అని రాశాడు. కింద తన పేరు పెట్టాడు.

మిజొగుచి కళ్ళద్దాలు సర్దుకుని మొదటి నుంచీ చదివాడు. చివరి మాటల దగ్గర ఆగాడు.

"మంచు పడలేదండీ ఆవేళ. ఎండ కాసింది. మీ నీడ తలుపు అద్దం మీద పడింది, చేతిలో పెట్టెతో సహా. చాలాసేపు ఉన్నారు. ఎవరో పిల్ల కోసం వచ్చారనుకుని, బెల్లు మోగుతుందని లోపల చూస్తూ కూర్చున్నా."

హయసాక ఆ రెండు వాక్యాలూ చెరిపేశాడు. కళ్ళు మసకబారి అక్షరాలు కనబడలేదు. తుడుచుకుని మళ్ళీ రాశాడు: "ఎండ కాస్తోంది. ఆయన లోపలే ఉన్నారు. నేను బెల్లు నొక్కలేదు."