బయ్యమ్మ ఫైలు

మెర్సీ తన ల్యాప్‌టాప్‌ను సాగర్ ముందు పెట్టేసరికి ఉదయం ఏడున్నర. పుంగనూరు బస్టాండు వెనక వీధిలో అతని కంప్యూటర్ల అంగడి అప్పుడే తెరిచాడు.

"గంటలో అయిపోతాది గదా?" ఆమె రెండోసారి అడిగింది.

"అయిపోతాది అక్కా. పాత డిస్కులో ఉండేదంతా కొత్తదాంట్లోకి అట్లే దించేస్తా. నువ్వు టిఫిన్ తినేసి రా," అన్నాడు సాగర్. అతను ఆమెకు చిన్నాన్న కొడుకు.

మెర్సీ మదనపల్లెలో ఒక చిన్న చెవి ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. ఎవరి చెవికి ఎంత శబ్దం కావాలో చూసి, వాళ్ల చెవి మిషన్‌ను ల్యాప్‌టాప్‌కి తగిలించి ఆ లెక్క ప్రకారం సరిచేయడం ఆమె పని. ఏడాదికి రెండుసార్లు కుప్పంలో క్యాంపు ఉంటుంది. కిందటి క్యాంపులో ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికే పావుగంట పట్టింది. ఒక్కొక్కరి ఫైలు వచ్చేదాకా తెరమీద గిరగిర తిరిగే గుండ్రటి గుర్తును చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. బస్సులకు టైమైపోయి పన్నెండు మంది చూపించుకోకుండానే ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఈ ఏడు కొత్తది రాదని ఆసుపత్రి నడిపే డాక్టర్ ప్రిస్కిల్లా చెప్పేసింది. పాత హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన కొత్తరకం డిస్కు వేస్తే అదే ల్యాప్‌టాప్ పరిగెడుతుందని సాగర్ అన్నాడు. రోజూ ఆసుపత్రిలో దాంతో పని ఉంటుంది కాబట్టి, క్యాంపుకు వెళ్ళే దారిలోనే మార్పించుకుందామని మెర్సీ అనుకుంది. డాక్టర్‌కు చెప్పలేదు.

ఆమె టిఫిన్ తిని తిరిగి వచ్చేసరికి సాగర్ కుర్చీలో ముందుకు వంగి ఉన్నాడు. తెరమీద ముప్పై ఎనిమిది శాతం దగ్గర అంకె ఆగిపోయి ఉంది. బల్లమీద పెట్టిన పాత డిస్కులోంచి టక్కు, టక్కుమని శబ్దం వస్తోంది.

"ఏమిరా అది?"

"డిస్కు పోతాండాది అక్కా." అతను తల ఎత్తలేదు. "ఇంకో కాపీ యాడన్నా పెట్టుకోనుండావా?"

"లేదు."

"ఒక్కటి కూడా?"

"లేదన్నాను గదా."

సాగర్ కాపీ ఆపేశాడు. "మొదలుపెట్టేదానికి ముందే అడగాల్సింది నేను. మళ్ళా మొదటినుంచి దించి చూస్తా."

"దించితే?"

"రావచ్చు. మధ్యలో పూర్తిగా పోనూ వచ్చు. ఎన్నిసార్లు తిప్పితే అంత అరిగిపోతాది."

మెర్సీ డిస్కు వైపు చూసింది. ఆ డిస్కులో నలభై ఒక్క మంది చెవుల లెక్కలున్నాయి. ఒక్కొక్కటీ తను దగ్గర కూర్చుని చేసిన పరీక్ష.

"అంతా దించొద్దు," అంది. "ప్రోగ్రాములు నా పెన్‌డ్రైవ్‌లో ఉండాయి, మళ్ళా వేసుకుంటా. పేషెంట్ల ఫోల్డరు ఒకటుండాది. అది మాత్రం ముందు తీయి."

సాగర్ పాత డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించి ఆ ఒక్క ఫోల్డరునే కాపీకి పెట్టాడు. ఆలోపల ల్యాప్‌టాప్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి, దాంట్లో విండోస్ ఎక్కించడం మొదలుపెట్టాడు. మెర్సీ డిస్కు పక్కనే నిలబడింది. ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. శబ్దం వచ్చినప్పుడల్లా ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. ఆమె లోపల్లోపల ప్రార్థన చేసుకుంటూనే పేర్లు లెక్కపెట్టింది.

ఆసుపత్రి జీపు డ్రైవర్ శాలేము రాజు తలుపు దగ్గరికి వచ్చాడు. "అమ్మా, పదింటికన్నా కదలాల. పలమనేరు దాటినాక రోడ్డు పని జరగతాండాది."

"ఇంకొంచేపు అప్పా."

ముప్పై ఎనిమిదో పేరు వచ్చాక డిస్కు శబ్దం ఆగింది. ఇద్దరూ ఎదురుచూశారు. తెరమీద ఉన్న డిస్కు గుర్తు మాయమైపోయింది. సాగర్ తీగ తీసి మళ్ళీ పెట్టాడు. ఇంకో తీగతో ప్రయత్నించాడు. ఆ తర్వాత డిస్కు తిరగలేదు.

మెర్సీ సంచిలోంచి పేర్ల కాగితం తీసి సరిచూసుకుంది. మూడు ఫైళ్ళు రాలేదు. గంగవరం రోజాది, నిమ్మనపల్లె మునిశేఖర్‌ది, కుప్పం దగ్గర పల్లెలో ఉండే బయ్యమ్మది. వాళ్లలో బయ్యమ్మ ఈరోజు క్యాంపుకు వస్తుంది.

"నా వల్లనే అక్కా," అన్నాడు సాగర్.

"నేను సెప్తేనే గదా నువ్వు చేసినావు."

సాగర్ వచ్చిన ఫైళ్ళను ల్యాప్‌టాప్‌లో వేసి ఇచ్చాడు. మెర్సీ జీపులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని చెవి మిషన్ ప్రోగ్రాము ఎక్కించుకుంది. గుంతల్లో జీపు ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుంది. ఒకసారి ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ తెరిచి చూసింది. ఎనిమిది సెకన్లలో తెరుచుకుంది. ఆమెకు సంతోషం కలగలేదు.

కుప్పంలో బడి గది ఇచ్చారు. ఒంటిగంటకు మొదలుపెడితే పని చకచకా సాగింది. పేరు చెప్పగానే ఫైలు వచ్చేది. నాలుగున్నరకు బయ్యమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. అరవై దాటిన మనిషి, చేతులకు ఎర్రమట్టి ఇంకా అంటుకునే ఉంది. ఆమె కొడుకు గంగాధరం వెనక నిలబడ్డాడు.

"మిషన్ పెట్టుకున్నా ఏమీ వినపళ్ళేదంటాండాది మేడమ్. తొందరగా సూడండి. ఐదింటి బస్సు పోతే మళ్ళా లేదు."

కిందటేడు ఆమెకు పెట్టిన అంకెలు మెర్సీకి ఉజ్జాయింపుగా గుర్తున్నాయి. వాటినే కొంచెం పెంచి పెడితే ఐదు నిమిషాల పని. ఎవరికీ తెలియదు. ఆమె వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళి ఆగాయి.

"గంగాధరం, మీ అమ్మ ఫైలు ఈ పొద్దు పొద్దున నా చేతిలో పోయింది. కొత్త డిస్కు వేయిస్తాంటే పోయింది. మళ్ళా పరీక్ష చేయాల."

"పోయిందంటే?" అతని గొంతు పెరిగింది. "పోయిన నెల ఏనుగులు దిగినాయి మేడమ్. ఊరంతా అరస్తాండారు, టపాకాయలు కాలస్తాండారు. మాయమ్మ సేన్లో వంగి కలుపు తీస్తానే ఉండాది. నేను పరిగెత్తిపోయి చెయ్యి పట్టి లాక్కొచ్చినా. ఫైలు పోయిందని అంత సులువుగా సెప్తారా మీరు?"

మెర్సీ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

బయ్యమ్మ కొడుకు ముఖం చూసి, "ఏమంటాండాదిరా?" అని అడిగింది.

మెర్సీ లేచి ఆమె కుడి చెవి దగ్గర వంగి, అందరికీ వినబడేంత గట్టిగా చెప్పింది. "నీ లెక్క నేను పోగొట్టినానమ్మా. మళ్ళా పరీక్ష చేయాల. అరగంట పడతాది."

"అరగంటే గదా. చెయ్యి," అంది బయ్యమ్మ.

వరండాలో కూర్చున్న శాలేము రాజు లోపలికి తొంగిచూసి, "బస్సు పోతే పోనీ అప్పా, మీ ఊర్లో నేను దించుతా," అన్నాడు.

అందరినీ బయటికి పంపి, ఫ్యాను ఆపి, తలుపులు మూశారు. బయ్యమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడితే వేలు ఎత్తమని సైగ చేసి మెర్సీ పరీక్ష మిషన్ మీట నొక్కింది. కుడి చెవికి వేలు లేచింది. ఎడమ చెవికి శబ్దం పెంచుతూ పోయినా లేవలేదు. ఇంకా పెంచింది. బయ్యమ్మ కళ్ళు మూసుకుని వింటూ కూర్చుంది. చాలా పైకి వెళ్ళాక వేలు కొద్దిగా కదిలింది.

ఎడమ చెవి ఒక్క ఏడాదిలో బాగా పడిపోయింది. ఉజ్జాయింపుగా పెట్టి పంపి ఉంటే ఆ చెవికి మిషన్ ఉన్నా లేనట్టే అయ్యేది. మెర్సీ కొత్త లెక్క ఎక్కించి, మిషన్లు చెవులకు పెట్టి, తలుపు తీసింది. గంగాధరాన్ని వరండా చివరికి వెళ్ళి పిలవమంది.

"అమ్మా," అన్నాడు అతను. బయ్యమ్మ కదల్లేదు. మెర్సీ మిషన్ శబ్దాన్ని రెండు మెట్లు పెంచింది.

"అమ్మా."

బయ్యమ్మ తల తిప్పింది. "యాల అంత దూరం పోయినావు? ఈడికి రా."

గంగాధరం వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. మెర్సీ వైపు చూడలేదు, కానీ ఆమె ఇచ్చిన బ్యాటరీల పొట్లాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

తల్లీకొడుకుల్ని ఊర్లో దించాక మెర్సీ జీపులోంచే డాక్టర్ ప్రిస్కిల్లాకు ఫోన్ చేసింది. చెప్పకుండా ల్యాప్‌టాప్ విప్పించిన సంగతి, పోయిన ఫైళ్ళ సంగతి, ఏదీ దాచలేదు.

"మిగతా ఇద్దరికీ నువ్వే సెప్పాల మెర్సీ," అంది డాక్టర్. "ఇట్ల ఇంకోసారి చేస్తే నేనూరుకోను."

"సరే మేడమ్."

ఫోన్ పెట్టేసి, గంగవరం దగ్గర ఆపమని శాలేము రాజుకు చెప్పింది. వాళ్ళు చేరేసరికి వీధి లైట్లు వెలిగాయి. రోజా తలుపు తీసి, ఈ వేళప్పుడు ఈమె ఎందుకొచ్చిందోనని కంగారుగా చూసింది. మెర్సీ తన పెదాలు ఆమెకు కనబడేలా లైటు కింద నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, జరిగింది మొదటినుంచి చెప్పసాగింది.