‘మిల్లు మాట’ రాసిందెవరు?

మిల్లు గేటు దాటించేటప్పటికి మోతీలాల్ బతికే ఉన్నాడు. ఈ సంగతి అన్నిటికంటే ముందు చెప్పాలి. ఆ తర్వాత మిల్లు సేటు చెప్పిన అబద్ధాలన్నీ దీన్ని పూడ్చిపెట్టడానికి చెప్పినవే.

మిర్యాలగూడ నుంచి త్రిపురారం పోయే దారిలో ఉందా ఉప్పుడు బియ్యం మిల్లు. నా పేరు ఆండాలు. వడ్లు ఉడికే తొట్ల కింద ఊడ్చి, ఒలికిన గింజలు ఎత్తిపోయడం నా పని. ఆ మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీస్తుండగా పైన ఆవిరి పైపు పగిలింది. చెవులు గింగురుమన్నాయి. తెల్లటి ఆవిరి తప్ప కాసేపు ఏమీ కనపడలేదు. అందులోంచి తొట్ల దగ్గర పనిచేసే మోతీలాల్ నడుచుకుంటూ వచ్చాడు. రెండు చేతులూ ముందుకు చాపి, దారి వెతుక్కుంటున్నవాడిలా వచ్చాడు. చొక్కా ఎక్కడ ఆగిందో, చర్మం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

“అంబులెన్సుకు ఫోన్ చెయ్యండ్రి!” అని అరిచి నేనే ఫోన్ తీశాను. లేబర్ కాంట్రాక్టర్ జవహర్ దాన్ని గుంజుకొని ఊక కుప్పలోకి విసిరాడు.

“ఫోన్ ముట్టుకున్నోని చెయ్యి ఇరుగుతది. గేటు బంద్ జెయ్యిరా!”

“మనిషి సస్తున్నడు సారూ!”

“సస్తే బయట సావాలె. మిల్లుల సస్తే మిల్లుకు తాళం పడ్తది. మీరందరు గూడ రోడ్డు మీదనే ఉంటరు.”

అతను సేటుకు ఫోన్ చేశాడు. రెండు ముక్కలు మాట్లాడి జేబులో పెట్టుకున్నాడు. ట్రాక్టర్ డ్రైవర్ జానయ్యను పిలిచి బండి తియ్యమన్నాడు. జానయ్య కదల్లేదు. చెంప పగిలింది. అయినా కదల్లేదు. ఇనుప రాడ్ మెడ మీదికి వచ్చాక బండెక్కాడు. ఖాళీ గోనె సంచుల మీద మోతీలాల్‌ను పడుకోబెట్టారు. జవహర్ మనుషులు ఇద్దరు పక్కన కూర్చున్నారు. ట్రాలీ గేటు దాటి కాలువ వైపు పోయింది.

కాలువ గట్టు పక్కన మిల్లులన్నీ ఊక బూడిద పోసే గుంట ఉంది. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పులుంటాయి. మోతీలాల్ తాగి అందులో పడి కాలిపోయాడని సాయంత్రం తండాకు కబురు పంపారు. పోలీసులు అదే రాసుకున్నారు. అతని భార్య జమున ఒక్కటే మాట అడిగిందట. “తాగేటోడే. పని మీద ఎన్నడు తాగలే. అన్నం పొద్దుకు ఎట్ల తాగిండు?”

‘మిల్లు మాట’ గురించి ఇక్కడ చెప్పాలి. ఏడాదిగా ఎవరో ఇంటర్నెట్లో ఆ పేరుతో మా బతుకులు రాస్తున్నారు. దుమ్ముకు ఆడవాళ్ల ఊపిరితిత్తులు ఎట్లా పాడవుతున్నాయో, ఏ బాయిలర్‌ను తనిఖీ చెయ్యకుండానే చేసినట్టు సంతకాలు పడ్డాయో, అన్నీ అందులో వచ్చేవి. రాసేది ఎవరో తెలియదు. మిల్లు లోపలి మనిషేనని మాత్రం మాకూ తెలుసు, సేటుకూ తెలుసు.

మోతీలాల్ చనిపోయిన మూడో రోజు పొద్దున అందరి ఫోన్లలో ఒకే రాత తిరిగింది. పైపు పగలడం, గేటు మూయడం, ట్రాలీ, బూడిద గుంట, ఒక్కటి కూడా వదలలేదు. చివర్లో ఇట్లా ఉంది: ‘దారి పొడుగునా అతను అడుగుతూనే ఉన్నాడు. డ్రైవరన్నా, జర బండి ఆపు, నీళ్లు తాపు, అని. బండి ఆపనియ్యలేదు. ప్రాణం ఉండగానే బూడిదలోకి దొర్లించారు.’

హమాలీలు అది చదువుకొని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. జవహర్ ఏడవలేదు. ఆ మాట విన్నవాళ్లు ట్రాలీలో ఇద్దరు, బండి మీద ఒకడు. ఇద్దరూ తన మనుషులే. మిగిలింది ఒక్కడే.

జానయ్యను వడ్లు ఆరబోసే కళ్లంలో అందరి మధ్యలోకి ఈడ్చుకొచ్చారు. కుడి చెయ్యి సిమెంటు గట్టు మీద పెట్టించారు.

“ఈ చేత్తోనేనారా రాసింది?”

“నాకు అచ్చరం ముక్క రాదు సారూ.”

“రాకుంటే ఎవరికి జెప్పినవ్?”

జానయ్య పెదవులు బిగించాడు. జాకీ రాడ్ లేచి పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మేమంతా నిలబడే ఉన్నాం. మళ్లీ లేచి పడింది. “ఎవరికి జెప్పినవ్?” జానయ్య కొరికిన పెదవి నుంచి నెత్తురు వచ్చింది గాని నోట్లోంచి పేరు రాలేదు. తూకం కాంటా గది తలుపు దబ్బున తెరుచుకుంది. అక్కడ లెక్క చూసే మౌనిక “ఆపుండ్రి! సంపుతున్నరు!” అని కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చింది. రాడ్ మళ్లీ లేచింది. హమాలీ బాలాజీ భుజం మీది బస్తాను కింద పడేశాడు. నడుముకున్న కొక్కెం చేతికి తీసుకొని జవహర్ ముందు నిలబడ్డాడు. అతని వెనక ఇంకొకడు బస్తా పడేశాడు. తర్వాత ఇంకొకడు. బస్తాలు పడుతున్న చప్పుడు ఆగలేదు. కొక్కేలు చూసి జవహర్ మనుషులు వెనక్కి తగ్గారు.

మిర్యాలగూడలో వద్దు, వెతుక్కుంటూ వస్తారని జానయ్యను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం. చెయ్యి ఇంక పనికి రాదన్నారు. వరండాలో అతని భార్య ప్రమీల గోడకు ఆనుకొని కూర్చుంది. మౌనిక వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడింది.

“వదినా, ‘మిల్లు మాట’ రాసేది నేనే. జానన్న నాకే జెప్పిండు.”

ప్రమీల ఒక్కసారిగా లేచి ఆ పిల్ల చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. మౌనిక చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

“నీ పేరు దాసుకున్నవ్! నా మొగని పేరెందుకు దాయలే? నువ్వు గా కాంటా గదిల కుర్చీల కూసుంటివి. ఆయన చెయ్యి బండ మీద పెట్టిచ్చిరి!”

జానయ్యను చూడటానికి వచ్చిన జమున ఇదంతా వింది. ఆమె కొట్టలేదు. కొడితేనే నయమనిపించింది.

“నా మొగడు నీళ్లడిగిండని నాకు ఫోన్ల తెల్సింది” అంది జమున. “పక్కింటోళ్లు సదివి ఇనిపిచ్చిండ్రు. నువ్వు గూడ లంబాడి బిడ్డవే. మా ఇంటి దాంక వచ్చి నా చెవుల ఒక్క మాట జెప్పరాదా? ఊరంత తెల్సినంక నాకు తెల్వాల్నా, నా పెనిమిటి బతికుండంగనే పారేసిండ్రని?”

“వస్తే నేనే రాస్తున్నట్టు తెలుస్తదని భయపడ్డ అక్కా.”

“నీ భయం నాకు సమజైతది. మా బాధ నీకు సమజు కాలే.”

ఆదివారం కోదాడలో సంఘం రేకుల షెడ్డు కింద మీటింగ్ పెట్టాం. మిర్యాలగూడ మిల్లుల వాళ్లు, కోదాడ మిల్లుల వాళ్లు, గరిడేపల్లి నుంచి కూలీలు, సూర్యాపేట కాలేజీ పిల్లలు వచ్చారు. సంఘం పెద్ద ప్రభుదాస్ ఒకప్పుడు హమాలీ. మౌనిక లేచి తానే రాసినట్టు చెప్పగానే షెడ్డు దద్దరిల్లింది.

బాలాజీ ముందు లేచాడు. “పేరు దాసుకొని రాసుడేంది? దెబ్బలు మాకు, మెచ్చుకోలు నీకా? దమ్ముంటే పేరు పెట్టి రాయాలె!”

“పేరు పెట్టి రాస్తే మర్నాటికి ఈ అమ్మాయి ఉండేదా?” కోదాడ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసే జీవన్ గట్టిగా అరిచాడు. “మా బాయిలర్ వాల్వు తుప్పు పట్టిందని మావోడే ఒకడు ‘మిల్లు మాట’కి రాసి పంపాడు. అందులో చదివాకే మాకు తెలిసింది. మార్చేదాకా నిప్పు ముట్టించం అని కూర్చున్నాం. మార్చారు. ఆ రాత లేకపోతే మోతీలాల్ కంటే ముందు మేం పోయేవాళ్లం.”

“మీ పానాలు మిగిలినయ్. మా జానన్న చెయ్యి పోయింది!”

“చెయ్యి విరిచింది జవహర్ కదయ్యా! ఈ పిల్లని అడుగుతావేంటి?”

కాలర్లు పట్టుకున్నారు. కుర్చీ ఒకటి ఎగిరిపడింది. ప్రభుదాస్ బల్ల మీద చరిచాడు.

“కూసోండ్రి! సేటు మనల్ని గిట్లనే సూడాలనుకుంటున్నడు. బిడ్డా, నువ్వు జెప్పు. డ్రైవర్ మాట ఎందుకు రాసినవ్?”

మౌనిక అతని వైపు తిరిగింది. “ఆ వాక్యం కొట్టెయ్యాలని ఒకసారి అనిపించింది పెద్దనాయినా. కని అది లేకుంటే సదివినోళ్లు ఏడ్వరనుకున్న. వాళ్లు ఏడ్వాలనే ఉంచిన. జానన్న యాదికి రాలే.”

ఆమె తనను తాను కాపాడుకోవడానికి ఒక్క ముక్క కూడా కలపలేదు.

ప్రభుదాస్ నెమ్మదిగా అన్నాడు. “సేటు తన తప్పు దాసుకుంటడు. కూలోడు తన పానం దాసుకుంటడు. రెండూ ఒకటి గావు. నువ్వు పేరు దాసుకున్నందుకు నేను తప్పు పట్ట. కని నీ ఎనక ఇంకో మనిషున్నడు. వాని అడుగు జాడ గూడ నువ్వే చెరిపెయ్యాలె. లేకుంటే వాన్నే అడగాలె, అన్నా, నీ మాట రాయాల్నా వద్దా అని.”

జమున లేచింది. “ఇగ నేను జెప్త. నువ్వు రాయి. మోతీలాల్ పెండ్లాం జమున జెప్తున్నదని పేరు పెట్టే రాయి.”

ప్రమీల వెనక నుంచి అంది. “జానయ్య గూడ పేరు పెట్టుమన్నడు. ఇంకా ఇరగ్గొట్టనీకి ఏమున్నదన్నడు.”

ఎవరో నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

ఆ మధ్యాహ్నమంతా మౌనిక మా మధ్య తిరిగింది. చూసింది చూసినట్టు చెప్పించుకుంది. రాసింది మళ్లీ చదివి వినిపించింది. “నీ పేరు పెట్టాల్నా?” అని ఒక్కొక్కరినీ అడిగింది. పిల్లలు చిన్నవాళ్లని కొందరు వద్దన్నారు. వాళ్ల పేర్లే కాదు, వాళ్లను పట్టించే ఆనవాళ్లు కూడా తీసేసింది. వాళ్లను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంతా అయ్యాక అడుగున తన పేరు రాసింది.

“నీ పేరెందుకు బిడ్డా?” అన్నాడు ప్రభుదాస్.

“అందర్ని అడిగిన. నన్ను నేను అడగకుంటెట్ల?”

మర్నాడు మిల్లు గేటు ముందు జనం నిండిపోయారు. పైపు పగిలినప్పుడు లోపల ఉన్నవాళ్లం ఒక్కొక్కరం నిలబడి చూసింది చెప్పాలనుకున్నాం. మోతీలాల్ చావు మీద హత్య కేసు పెట్టాలి, సేటునూ జవహర్‌నూ పట్టుకోవాలి, బాయిలర్లన్నీ తనిఖీ చెయ్యాలి. అంతే అడగాలనుకున్నాం. మౌనిక మైకు జమున చేతికిచ్చింది. జమున “నా పెనిమిటి...” అనగానే గోడ మీంచి ఇటుకలు వచ్చాయి. ఒకటి జీవన్ నుదుటికి తగిలింది. తర్వాత గేటు సందుల్లోంచి పైపు పెట్టి సలసల కాగే నీళ్లు వదిలారు. ముందున్న ఆడవాళ్ల కాళ్లు కాలాయి. కేకలు. ఎవరిదో చెప్పు, ఎవరిదో కొంగు కాళ్ల కింద నలిగాయి.

జనం పారిపోతారనుకున్నారు. పారిపోలేదు. బాలాజీ, హమాలీలు భుజాలు ఆనించి గేటును నెట్టారు. రోజూ బస్తాలు మోసే భుజాలవి. రెండో ఊపుకు గేటు లోపలికి కూలింది. కర్రలు, కొక్కేలు, ఇటుకలు. జవహర్ మనిషి ఒకడు నా నడుం మీద కొట్టాడు. నేను పడి, లేచి, చేతికందిన చీపురు కట్టెతో అతని మొహం మీద కొట్టాను. ఇన్నేళ్లు ఊడ్చిన చీపురుకు అంత బలముందని నాకు తెలియదు.

జవహర్ ఊక కుప్ప ఎక్కబోయి జారిపడ్డాడు. బాలాజీ అతని జుట్టు పట్టి లేపి, కొక్కెం గొంతు మీద ఆనించాడు. మొన దిగి నెత్తురు గీత కారింది.

“సంపు!” అని జనం అరిచారు. నేనూ అరిచాను.

“సంపకు బాలాజన్నా!” జమున కాలిన పాదాలతో కుంటుతూ వచ్చింది. “వీడు సస్తే సేటు బతికిపోతడు. వీడు మాట్లాడాలె. ఒరేయ్, ఎవరు పారెయ్యమన్నరు? జెప్పు!”

జవహర్ చుట్టూ చూశాడు. పైకెత్తిన ఫోన్లు, పైకెత్తిన కొక్కేలు.

“సేటు... సేటే ఫోన్ల జెప్పిండు. పానం పోయేదాంక ఆగకు, బూడిదల పడెయ్యమన్నడు.”

అప్పుడు వచ్చారు పోలీసులు. మోతీలాల్ కోసం రానివాళ్లు, జానయ్య కోసం రానివాళ్లు, మిల్లు గేటు కోసం వ్యాన్ల నిండా వచ్చారు. లాఠీలు లేచాయి. ప్రభుదాస్ తల కాపాడబోయి మౌనిక తన తల పగలగొట్టించుకుంది. నెత్తురు కంట్లోకి కారుతుంటే ఎస్సై ఆమె జడ పట్టుకొని వ్యాన్ దగ్గరికి ఈడ్చాడు.

“పరువు నష్టం, అల్లర్లకు రెచ్చగొట్టుడు, అన్ని కేసులు నీ మీదనే. ఆ ‘మిల్లు మాట’ పాస్‌వర్డ్ చెప్పు. బంద్ చేద్దాం.”

“చెప్త. కని ఏం లాభం సార్? గా పాస్‌వర్డ్ కోదాడల ఉన్నది, సూర్యాపేటల ఉన్నది. నిన్ననే పంచిన.”

ఎస్సై చెయ్యెత్తే లోపలే చుట్టూ ఫోన్లు మోగడం మొదలైంది. జవహర్ చెప్పిన మాట, అతని మొహంతో సహా, ‘మిల్లు మాట’లో వచ్చేసింది. పెట్టింది జీవన్. కింద తన పేరు, మిల్లు పేరు రాసుకున్నాడు. ఒక కానిస్టేబుల్ తన ఫోన్ తీసి చూసి, గబుక్కున జేబులో పెట్టుకున్నాడు.

తెల్లారి ఏ మిల్లులోనూ బాయిలర్ వెలగలేదు. తనిఖీ అయ్యేదాకా ముట్టించేది లేదని కోదాడ నుంచి కబురొచ్చింది. మేం స్టేషన్ ముందుకు పోయాం. మౌనికను వదలమన్నాం, లేదా మమ్మల్నీ లోపల వెయ్యమన్నాం.

“ఆమె మీకేమైతది?” అని కసిరాడు ఎస్సై.

“మా మాట రాస్తది” అంది జమున.

“ఆ రాతల్లో మీకూ భాగముందా? ఉన్నోళ్లు పేర్లు చెప్పండి, అందరి మీదా కేసు రాస్తా.”

బెదిరించానని అనుకున్నాడు. జమున మెట్లెక్కి బల్ల ముందు నిలబడింది.

“రాసుకో. భూక్యా జమున.”

ప్రమీల ఆమె వెనక నిలబడింది. తర్వాత బాలాజీ. ప్రభుదాస్ వచ్చి నిలబడ్డాడు. కోదాడలో పేరు వద్దన్న ఇద్దరు ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకొని వచ్చి, ఎవరూ అడగకుండానే వరుసలో చేరారు. వరుస మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డు మీదికి పోయింది. బస్సులు ఆగిపోయాయి. రాస్తున్న కానిస్టేబుల్ చెయ్యి నొప్పెట్టి పెన్ను కింద పెట్టి, ఎస్సై వైపు చూశాడు.

“ఇంకెంతమంది సార్?”

నా వంతు వచ్చింది. పెన్ను తీసి కానిస్టేబుల్ చేతిలో పెట్టాను.

“రాయి సారూ. ఆండాలు.”